ఎవరి మనిషివని అడగని కూడు

మెదక్ చర్చి చూడవచ్చిన వాళ్లకు గోపురం ఎత్తు 175 అడుగులని, రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం ఉన్నాయని చెబుతారు. చుట్టుపక్కల ఊళ్ల పెద్దవాళ్లను కదిలిస్తే ముందు కరువు సంగతి ఎత్తుతారు. 1914లో పని మొదలైంది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. నడుమ ప్రపంచ యుద్ధం వచ్చింది, పంటలు పోయాయి, మెతుకుసీమగా పేరున్న మెదక్‌లోనే మెతుక్కి కటకట వచ్చింది. ఇంగ్లండు నుంచి వచ్చిన మెథడిస్టు పాదిరి చార్లెస్ వాకర్ పాస్నెట్, ఊరికే గంజి పోయడం కంటే పని చూపించడం మేలనుకున్నాడట. రాయి మోసినవాళ్లకు, సున్నం కలిపినవాళ్లకు కూలి కింద తిండి పెట్టించాడని తరతరాలుగా చెప్పుకుంటారు. కేంద్ర ప్రభుత్వం పనికి ఆహార పథకం తెచ్చింది 1977లో. అంతకు అరవై ఏళ్ల ముందే మెదక్‌లో అది నడిచింది.

అన్నంతో పాటు మతం కూడా వడ్డించారన్న విమర్శ ఉంది. దాన్ని కొట్టిపారేయలేం. కానీ రాయి మోసే తట్ట అందించేటప్పుడు "నువ్వు ఎవరి మనిషివి? సర్కారు వైపా, సర్కారు మీద తిరగబడ్డవాళ్ల వైపా?" అని అడగాల్సిన పని అక్కడ ఎవరికీ పడలేదు. కరువు పక్షాలు చూడదు గనుక కరువు సాయానికీ ఆ గొడవ లేదు. దేశం లోపల మనవాళ్లూ మనవాళ్లూ తుపాకులు పట్టుకున్నప్పుడు మాత్రం ఆకలితో వచ్చినవాడికి మొదట ఎదురయ్యేది ఆ ప్రశ్నే. మెదక్ నుంచి గోదావరి దాకా గడిచిన ఎనభై ఏళ్లు తిరగేస్తే, జవాబును బట్టే కూడు దొరకడమో దొరక్కపోవడమో కనిపిస్తుంది.

1946 జులైలో కడవెండిలో భూస్వామి మనుషుల తుపాకీ గుండుకు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి తెలంగాణ పల్లెల్లో ఇల్లంటే భద్రమన్న నమ్మకం పోయింది. మరుసటేడు దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, నిజాం కలవనన్నాడు, నవంబరు 29న యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఒప్పందం చాటున ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. రాత్రయితే జనం చెలకల్లోకి, గుట్టల్లోకి పోయి పడుకునేవారు. 1948 ఆగస్టు 27న ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండ తర్వాత ఊరొదలడం ఒక్కటే దారి అనుకున్నవాళ్లు ఎందరో.

కలిగినవాళ్లు బెజవాడ, షోలాపూర్, కర్నూలు రైళ్లెక్కారు. లేనివాళ్లు బండ్లు కట్టుకుని, కాలినడకన సంస్థానం పొలిమేర దాటారు. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సరిహద్దు పొడవునా శిబిరాలు పెట్టింది. చాందా శిబిరంలో పనిచేసిన యువకుల్లో పి.వి. నరసింహారావు ఒకరు. కృష్ణా జిల్లా వైపు కమ్యూనిస్టులకు తమ ఏర్పాట్లు తమకున్నాయి. ఈ శిబిరాలను మన చరిత్ర పుస్తకాలు పోరాట కేంద్రాలుగానే గుర్తుంచుకున్నాయి. వాటిలో కట్టుబట్టలతో వచ్చిన సంసారాలూ ఉన్నాయి, పురుళ్లూ జరిగాయి, జ్వరాలూ వచ్చాయి. వండి వడ్డించిన ఆడవాళ్ల గురించి పెద్దగా ఎవరూ రాయలేదేమని నాకెప్పుడూ వెలితిగా ఉంటుంది. బెజవాడ జనం మాత్రం అడక్కుండానే బియ్యం ఇచ్చారు, అరుగులిచ్చారు. వచ్చినవాళ్లు తమవైపు వాళ్లని వాళ్లకు తెలుసు. అంత త్వరగా చేయి చాచడానికి అదీ ఒక కారణమే.

ఆ వెంటనే జరిగింది ఆ విషయం తేల్చేసింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం చేతులెత్తేశాడు. పారిపోయిన హిందూ కుటుంబాలు తిరుగుముఖం పట్టాయి, ముస్లిం కుటుంబాలు మూటలు సర్దుకున్నాయి. రజాకార్లు చేసిన పాపానికి, రజాకారంటే మొహం చూడని దూదేకులవాళ్లు, నేతగాళ్లు, కూలీలు మూల్యం చెల్లించారు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ నవంబరు చివర నుంచి డిసెంబరు 21 దాకా సంస్థానమంతా తిరిగారు. మొత్తం మీద కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. అన్నిటికన్నా ఘోరం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగింది. తర్వాతి వరసలో ఔరంగాబాద్, బీడ్, నల్లగొండలతో పాటు మెదక్ పేరుంది. ఈ నాలుగింటిలో కలిపి కనీసం 5 వేలన్నారు. జహీరాబాద్, నారాయణఖేడ్ అప్పట్లో బీదర్‌లో ఉండేవి, 1956లో మెదక్‌కు వచ్చాయి. అంటే బీదర్ గాయంలో కొంత వారసత్వంగా మెదక్‌కు దక్కింది.

బతికి బయటపడ్డవాళ్లలో చాలామంది హైదరాబాద్ చేరుకున్నారు. చార్మినార్ చుట్టూ బంధువుల ఇళ్లలో, దర్గా ఆవరణల్లో, ఖాళీ దేవిడీల్లో తలదాచుకున్నారు. వితంతువులు, తండ్రుల్లేని పిల్లలు వాళ్లలో ఎక్కువ. వీళ్ల కోసం పొలిమేరలో శిబిరాలు లేవు, బియ్యం పోగుచేసే ఊరేగింపులు లేవు. సుందర్‌లాల్ నివేదికనైతే బీరువాలో పెట్టేశారు. 2013 దాకా అది అధికారికంగా జనం ముందుకు రాలేదు. ఆ నివేదికలో నాకు బాగా గుర్తుండేది లెక్కలు కాదు. హిందూ నేతపనివాళ్లు ముస్లిం నేతపనివాళ్లకు అడ్డం నిలబడి కాపాడారని, అలా కాపాడబోయి కొందరు తమ ప్రాణాలే పోగొట్టుకున్నారని ఆ ముగ్గురు పెద్దమనుషులు ప్రత్యేకంగా రాశారు. మతం చూడకుండా మగ్గం చూసి చేసిన సాయం అది. అలాంటి సాయానికి ఎవరూ పేరు పెట్టలేదు, డబ్బు ఖర్చు చూపలేదు, కాబట్టి ఏ రికార్డుల్లోనూ పునరావాసం పద్దు కింద ఉండదు.

అదే కాలంలో ఏటి ఒడ్డు అడవుల్లో మరొకటి జరిగింది. సైన్యం వచ్చాక కమ్యూనిస్టు దళాలు గోదావరి అడవుల్లోకి సర్దుకున్నాయి. దళాలకు అన్నం పెట్టేది గూడేలే గనుక గూడేలనే ఎత్తేస్తే సరిపోతుందని సర్కారు ఆలోచించింది. కోయ గూడేలను ఖాళీ చేయించి రోడ్ల పక్కకు చేర్చి వాటికి పునరావాస కేంద్రాలని పేరు పెట్టారు. ఆ కేంద్రాల్లో తిండి చాలక, రోగాలొచ్చి చాలామంది పోయారని పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో రాశారు. మలయాలో బ్రిటిషువాళ్లు బ్రిగ్స్ పథకమని అమలు చేసింది ఈ పద్ధతే. 1967లో మిజోరంలో ఊళ్లకు ఊళ్లను గుంపు చేసినప్పుడూ ఇదే చేశారు. తిండి పెట్టేది సాయం కోసమా, కాపలా కోసమా తెలియకుండా పోయే చోటు ఇలాంటి శిబిరమే. ఆ పాఠం అరవై ఏళ్లలోపే మళ్లీ అదే గోదావరికి అవతల అక్షరం మార్చకుండా వల్లె వేశారు.

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని కుట్రు దగ్గర సల్వాజుడుం మొదలైంది. ముందు నిలబడింది కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ, వెనక ఉన్నది బీజేపీ ప్రభుత్వం. మావోయిస్టులకు వ్యతిరేకంగా జనం లేచారని ప్రచారం. లేవని ఊళ్లను లేపేశారు. దోర్నపాల్, ఎర్రబోరు, కొంటా, ఇంజరం, మరాయిగూడ రోడ్ల వెంట శిబిరాలు వెలిశాయి. రేషన్ అక్కడే ఇచ్చారు, పిల్లల బడులనూ అక్కడికే తరలించారు. శిబిరానికి రానివాడు మావోయిస్టు అన్నట్టు చూశారు, శిబిరానికి వచ్చినవాణ్ని మావోయిస్టులు ద్రోహి అన్నారు. 2006 జులై 17న ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు పడి 30 మందికి పైగా చంపారు. రెండు వైపుల నుంచీ తప్పించుకోవడానికి మిగిలిన దారి శబరి దాటి ఖమ్మం అడవుల్లోకి రావడమే. శిబిరాల్లో సుమారు 50 వేల మంది, ఇవతలికి వచ్చినవాళ్లు 30 వేల నుంచి 50 వేల దాకా ఉంటారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లో అంచనా కట్టింది.

వాళ్లను మనం గుత్తికోయలన్నాం. చింతూరు, వి.ఆర్.పురం, చర్ల, దుమ్ముగూడెం నుంచి తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల దాకా రెండు వందలకు పైగా గూడేలు లేచాయి. వెదురు తడికలు, పైన తాటాకో నల్లటి ప్లాస్టిక్ పట్టానో, వాగు ఇసుకలో తోడుకున్న చెలమ నీళ్లు. రోగమొస్తే మంచానికి కర్ర కట్టి డోలీలో మోసుకురావడం. మన రైతులకు మాత్రం వాళ్లు బాగా పనికొచ్చారు. భద్రాచలం, వెంకటాపురం, వాజేడు మిరప చేలల్లో కాయ ఏరడానికి తక్కువ కూలికి దొరికే చేతులు వాళ్లవే. ఏరినదానికి డబ్బుకు బదులు కొంత ఎండుమిర్చినే కొలిచి పంపే అలవాటూ ఉంది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ ములుగు జిల్లా మిరప చేలకు పనికొచ్చిన బీజాపూర్ జిల్లా పన్నెండేళ్ల పిల్ల తోటి కూలీలతో కలిసి అడవిదారిన మూడు రోజులు నడిచి, ఇల్లు కొద్ది దూరంలో ఉందనగా చనిపోయింది. ఆ పిల్ల నిర్వాసితుల గూడెం పిల్ల కాదు, సీజన్‌కు వచ్చిన కూలీ. అయినా ఆ నేల నుంచి ఈ నేలకు జనం ఏ స్థితిలో వస్తారో ఆ చావు దేశానికి చూపించింది.

వచ్చినవాళ్లకు మొదట అన్నం పెట్టింది స్థానిక కోయలే. బంధుత్వాలు కొన్ని, భాష కొంత కలిసింది. తర్వాత చిన్న చిన్న స్వచ్ఛంద సంస్థలు వచ్చాయి. డాక్టర్స్ వితౌట్ బార్డర్స్ వాళ్లు సంచార వైద్యశాలలు నడిపారు. చింతచెట్టు కింద బల్ల వేసుకుని, వేలు పొడిచి ఒక్క చుక్క రక్తంతో మలేరియా తేల్చి, అక్కడికక్కడే మాత్ర మింగించి పంపేవారు. వీళ్లకూ ప్రశ్న తప్పలేదు. అడవిలో వైద్యం చేస్తే ఎవరికి చేస్తున్నట్టు అని పోలీసులు అనుమానించారు. సరిహద్దుకు అవతల దంతెవాడ దగ్గర హిమాంశు కుమార్ నడిపిన వనవాసి చేతనా ఆశ్రమం 2008లో నేంద్ర గ్రామస్థుల్ని తిరిగి సొంత ఊళ్లో నిలబెట్టింది. మరుసటేడు మే నెలలో బుల్‌డోజర్లు ఆశ్రమాన్నే నేలమట్టం చేశాయి.

ప్రభుత్వ వ్యవస్థలోంచి వచ్చిన మనుషుల్లో చెప్పుకోవలసింది శాంతా సిన్హాను. జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలు, మన హైదరాబాద్ మనిషి. 2007 డిసెంబరులో ఆమె బృందం దంతెవాడకూ ఖమ్మానికీ వెళ్లి రెండు వైపుల పిల్లల్నీ చూసింది. ఇవతలి గూడేలకు రేషన్, అంగన్‌వాడీ, బడి, ఉపాధి హామీ పని ఇవ్వాలని అడిగింది. ఎవరి పిల్లలని అడగకుండా పిల్లలని మాత్రమే రాసిన సర్కారు కాగితం అది. కొంత ఫలించింది కూడా. కొన్ని గూడేలకు జాబ్ కార్డులు వచ్చాయి, కొన్నిచోట్ల ఓటరు కార్డులూ వచ్చాయి. ఓటు అడగడానికి వెళ్లేవాళ్లకు గూడెం దారి ఎలాగూ తెలుసు.

2011 జులై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం కోసం ఆదివాసీ యువకులకు తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. రాసిన ఇద్దరు న్యాయమూర్తుల్లో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి రంగారెడ్డి జిల్లా రైతు బిడ్డ. తీర్పు గొప్పది, కానీ అది తుపాకుల గురించి. పారిపోయి వచ్చినవాళ్ల ఇళ్లు వాళ్లకు అప్పగించే పని ఎవరూ నెత్తినేసుకోలేదు.

అసలు చిక్కు కుల ధ్రువపత్రం దగ్గర పడింది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగ అయినంత మాత్రాన ఇంకో రాష్ట్రంలో ఆ హోదా రాదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చిత్రమేమిటంటే అది తెలుగువాడి కేసే. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అయి మహారాష్ట్రలో మెడికల్ సీటు అడిగిన మర్రి చంద్రశేఖరరావు కేసు. ఉద్యోగం కోసం బొంబాయి వెళ్లిన కుటుంబానికి పెట్టిన నియమం, ఇల్లు కాలి అడవి దాటి వచ్చిన గుత్తికోయకూ అదే తూకంతో వర్తించింది. బస్తర్‌లో ఎస్టీ, భద్రాచలంలో ఎవరూ కాడు. పట్టా లేదు, హాస్టల్ సీటు లేదు. అటవీ హక్కుల చట్టానికి గడువు తేదీ 2005 డిసెంబరు 13. జుడుం మొదలైన ఆరు నెలలకు. అంటే గడువుకు ముందు ఇక్కడ పోడు కొట్టినవాళ్లు దాదాపు లేరు. ఆ తర్వాత కొట్టిందంతా ఆక్రమణ.

2014లో ఇంకో వింత. పోలవరం కోసం ముంపు మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు కలిపారు. చింతూరు వైపు గూడేల్లో ఉన్నవాళ్లు కదలకుండానే రాష్ట్రం మారారు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది గుడిసెలు కూల్చారు, అడ్డొచ్చిన ఆడవాళ్లను చెట్లకు కట్టేశారన్న వార్త పత్రికల్లో వచ్చింది. హైకోర్టు కలగజేసుకుని వెళ్లగొట్టొద్దంది. 2022 నవంబరు 22న ఎర్రబోడు దగ్గర ప్లాంటేషన్ తగాదాలో గుత్తికోయల చేతిలో అటవీ రేంజ్ అధికారి హతమయ్యాడు. డ్యూటీలో ఉన్న మనిషిని నరికి చంపడాన్ని ఏ నిర్వాసం పేరు చెప్పీ సమర్థించలేం. నేరం చేసినవాళ్లకు శిక్ష పడాలి. అయితే దాని తర్వాత బెండాలపాడు పంచాయతీ గూడెం మొత్తాన్ని ఊరు దాటించాలని తీర్మానం చేసింది. సొంతూళ్లో జుడుం చేసిందీ గూడెం మొత్తాన్నీ ఒక్కటిగా లెక్కగట్టడమే. స్థానిక కోయల బాధ కూడా ఉత్తది కాదు. అడవి తరుగుతోంది, తమకే పట్టాలు రాని చోట వచ్చినవాళ్లు చెట్లు కొడితే చూస్తూ ఊరుకోమంటే ఊరుకోరు. ఈ ఇద్దరు పేదలను ఎదురెదురుగా నిలబెట్టి సర్కార్లు పక్కకు తప్పుకున్నాయి.

చేయాలంటే చేయలేరా అంటే, చేశారు. 1997లో మిజోరంలో తెగల ఘర్షణకు పారిపోయి త్రిపుర చేరిన బ్రూలు ఇరవై మూడేళ్లు శిబిరాల్లో గడిపారు. 2020 జనవరి 16న కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ నాయకులు సంతకాలు పెట్టారు. సుమారు 34 వేల మందికి త్రిపురలోనే నివాసం, 600 కోట్ల ప్యాకేజీ, కుటుంబానికి 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, రెండేళ్లు రేషన్, నెలకు 5 వేలు, ఇంటి స్థలం, ఓటు. వచ్చిన రాష్ట్రంలోనే ఉండనిచ్చారు. 1990లో కశ్మీరు వదిలిన పండితులను నమోదు చేసి నెలవారీ సాయం ఇస్తున్నారు, అది సబబే. 2023 మే నెలలో మణిపూర్ తగలబడితే మన రెండు రాష్ట్రాలూ అక్కడ చదివే తెలుగు విద్యార్థుల్ని విమానాల్లో తెప్పించాయి. అక్కడి 60 వేల మంది మాత్రం తమ రాష్ట్రంలోనే శిబిరాల పాలయ్యారు. బాధితులెవరో, వాళ్ల గొంతు ఢిల్లీలో ఎంత వినిపిస్తుందో దాన్ని బట్టి సాయం అందుతోంది.

ఇందులో మనం ఒంటరివాళ్లమేం కాదు. సూడాన్‌కు చెందిన ఫ్రాన్సిస్ డెంగ్ పూనికతో ఐక్యరాజ్యసమితి 1998లో స్వదేశంలోనే నిర్వాసితులైన వాళ్ల కోసం మార్గదర్శక సూత్రాలు తెచ్చింది. సరిహద్దు దాటితే శరణార్థి, అంతర్జాతీయ చట్టం పలుకుతుంది. దాటకపోతే సొంత సర్కారు దయ. చాలాసార్లు ఊరు తగలబెట్టినదాంట్లో ఆ సర్కారు చేయీ ఉంటుంది. ఆఫ్రికా దేశాలు 2009లో కంపాలాలో దీనికొక ఒప్పందం రాసుకున్నాయి, ఆసియాలో అలాంటిది లేదు. 2024 చివరికి ప్రపంచంలో ఇలాంటివాళ్లు, ప్రకృతి విపత్తులకు ఊరొదిలినవాళ్లతో కలిపి, 8.34 కోట్లు. డెంగ్ పుట్టిన దేశం సూడాన్‌లోనే కోటికి పైగా.

ఇప్పుడు బస్తర్‌లో యుద్ధం చివరికొచ్చిందంటున్నారు. మావోయిస్టులను తుడిచిపెట్టడానికి కేంద్రం 2026 మార్చి 31 గడువు పెట్టుకుంది. 2025 మే 21న ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు కాల్పుల్లో చనిపోయాడు, ఆయనా తెలుగువాడే. లొంగిపోయినవాళ్లకు నగదు, ఇల్లు, ఉపాధి ప్యాకేజీలున్నాయి. తుపాకీ పట్టి దించినవాడికి ప్యాకేజీ ఉండటాన్ని నేను తప్పుపట్టను. తుపాకీ పట్టనందుకు ఇరవై ఏళ్లుగా అడవిలో పడున్నవాడికి ఏమీ లేకపోవడాన్నే తప్పుపడుతున్నా.

అటవీ హక్కుల చట్టంలోనే ఒక నిబంధన ఉంది. 2005 డిసెంబరు 13కు ముందు పునరావాసం లేకుండా అక్రమంగా వెళ్లగొట్టబడినవాళ్లకు ప్రత్యామ్నాయ భూమి హక్కు, సెక్షన్ 3(1)(ఎం). ఆ తేదీకి ముందే జుడుం ధాటికి వచ్చినవాళ్లకైనా దాన్ని అమలు చేయాలి. మిగిలినవాళ్లకు బ్రూలకు ఇచ్చిన ఒప్పందం నమూనాగా ఉంది. తిరిగి పోతామన్నవాళ్లను పోనివ్వాలి, ఉంటామన్నవాళ్లకు కాగితమివ్వాలి. ఇవన్నీ ఒక్కో తగాదాకు ఒక్కో ప్యాకేజీగా కాకుండా దేశమంతటికీ ఒక చట్టంగా రావాలంటే అది పార్లమెంటులో జరగాలి. 1980లో ఇందిరా గాంధీని గెలిపించి ప్రధానిగా పంపిన నియోజకవర్గం మెదక్. ఈసారి మీ ఎంపీ ఊళ్లోకి వచ్చినప్పుడు రోడ్డు, బోరు అడిగాక ఈ చట్టం సంగతి కూడా అడగండి.